మేక ముట్టని ఆకు

మస్కట్ల మూడేండ్లు
ఆకాశాన్ని వంటింటి కిటికీ సైజుల చూసిన.
దాంట్ల సగం ఏసీ డబ్బా.
నిద్ర ఎన్నడు పోయిందో యాదికి లేదు,
చేతుల తోలు మాత్రం బ్లీచింగుకు
ఉల్లిపొర లెక్క లేచింది.

ఇప్పుడు బిదియాల ఉన్న.
ఇసుకదిబ్బల అంచుకు గుడారాల బడి.
గురువారం పిల్లలు బస్సు దిగుతరు,
శనివారం ఇసుక దులుపుకుంట పోతరు.
నా పని ముప్పై మందికి అన్నం, చాయ్, ఆ తర్వాత గిన్నెలు.
చదువు చెప్పేది షమ్సా ముసలమ్మ.
నోట్లె మూడు పండ్లు, చేతిల కట్టె.
ఇసుకల రాస్తది, గాలి తుడుస్తది,
ఏమనదు, మళ్ల రాస్తది.

మొదటి దినమే నా చేతులు చూసింది.
ఏమైందని అడగలే.
ఏదో ఆకు నూరి గోరువెచ్చని నీళ్లల్ల పిసికి
ఆ నురుగుల నా వేళ్లు ముంచింది.
వాసన చూసిన.
"ఇది రేగు గదా" అన్న, నా భాషల.
"సిద్ర్" అన్నది, ఆమె భాషల.
ఒకే ముల్లును ఇద్దరం చూపించుకొని
ఊకె నవ్వినం.

నేను బడికి పోలే, మేకలెంబడి పోయిన.
మేక తిన్నది మేత,
మేక ముట్టంది మందన్నా కావాలె, విషమన్నా కావాలె.
మా తాత ఐలయ్య నేర్పిన ఎక్కం అదొక్కటే.
ఆ ఎక్కం పట్టుకొని వాదీల నడిస్తే
బండ పక్కన జిల్లేడు!
తెంపితే అవే పాలు.
రెండడుగులేస్తే కాలుకు పల్లేరు కాయ.
"ఒర్నీ, నువ్వు గూడ వీసా మీదనే వచ్చినవా" అన్న.
మూడేండ్ల ఏడుపు రావాల్సిన జాగల
నవ్వొచ్చి కూలబడ్డ.

షమ్సా పిల్లలకు సనా ఆకు చూపిచ్చింది.
మా నేలతంగేడే అది.
చిటికెడు మందు, పిడికెడైతే
రాత్రంత దిబ్బ వెనకకు ఉరుకుడే అని
ఉరికి చూపిచ్చింది, డెబ్బై ఏండ్ల మనిషి.
అందరు పడి పడి నవ్విన్రు.
జాహిర్ ఒక్కడు నవ్వలే.
తొమ్మిదేండ్ల పిల్లగాడు. తండ్రిని తోవ మీద లారీ మింగినంక
మాట దాచుకున్నడట.

ఒకనాటి రాత్రి గాలి లేచింది.
గుడారం గూటాలు ఊడినయ్,
టీచర్ల అరుపులు ఇసుకల కూరుకపోయినయ్.
నాకు తెలిసింది మంద ఒక్కటే.
పిల్లలందరిని గాఫ్ చెట్టు కిందికి తోలి,
గాలికి వీపులు, తలలు లోపటికి,
చిన్నోళ్లు నడుమ, పెద్దోళ్లు అంచుకు.
"మేక, మేక" అనుకుంట అందరిని ఒత్తిన.
చీకట్ల ఎవరిదో పిల్లగొంతు
"మే..." అన్నది, మెల్లగ.
అది జాహిర్‌ది.
తెల్లారేదాక ముప్పై మంది మేకలైన్రు.

పొద్దుగాల చూస్తే
గుడారాలు మూడు లేవు,
గాఫ్ మాత్రం ఆకు దులుపుకొని నిలబడ్డది.
దగ్గరికి పోయి చూసిన, ఇది మా జమ్మి.
దసరా ఎన్నడు దాటిపోయిందో ఏమో.
వచ్చిన తీరుల అరబ్బీ కలిపి చెప్పిన జాహిర్‌కు:
మా దిక్కు ఈ ఆకును బంగారం అంటం,
చేతిల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటం.
వాడు ఏం అనలే.

చేతులు బాగైనయ్.
సిద్ర్‌తోనా, బ్లీచింగు బందైనందుకా
అంటే చెప్పలేను.
నిద్ర ఇంక పూర్తిగ రాలే.
రాని రాత్రి బయటికొచ్చి కూసుంట,
చూసేతందుకు శానా ఉన్నది.

మొన్న గురువారం బస్సు దిగంగనే
జాహిర్ ఉరికొచ్చి పిడికిలి విప్పిండు.
"దహబ్" అన్నడు.
చెమటకు నలిగిన నాలుగు జమ్మి ఆకులు.
పాస్‌పోర్టు ఇప్పుడు నా పెట్టెలనే ఉంటది.
తెరిచి, ఫొటో ఉన్న పేజీల పెట్టిన.